చల్లారిన ఉర్లగడ్డలు

మదనపల్లెలో వాన పడిందంటే టమోటా మార్కెట్ దారంతా ఎర్రటి బురదే. ఆ బురదలో సగం ప్యాంటుకు పూసుకుని, తడిసిన బ్యాగును గుండెలకు హత్తుకుని ఒక మనిషి ల్యాబ్ గుమ్మంలో నిలబడ్డాడు. నేల అప్పుడే తుడిచి ఉంది. మైక్రోస్కోపు మీంచి తలెత్తిన జెమీమా ముందు అతని కాళ్లను చూసింది. ఆ తర్వాత తీరిగ్గా మొహం చూసింది.

చెప్పులు బయట విడిచి రమ్మంది. ఇవి బూట్లు అన్నాడతను. అవే విడవమంది.

రక్త పరీక్షల మిషన్ పొద్దున్నుంచి మొరాయిస్తోంది. ఆమె ఫోన్ల మీద ఫోన్లు చేస్తే కంపెనీ పంపిన సర్వీస్ ఇంజినీర్ ఇతను. తడి సాక్సులతో లోపలికి వచ్చి, మిషన్ మూత తీసి, టార్చి వేసి చూసి, లోపలి సూదిని ఎవరూ సరిగా కడుగుతున్నట్టు లేదన్నాడు. రోజూ సాయంత్రం తనే కడుగుతానని, తను కడిగినదాన్ని ఇంకొకరు చూడనక్కర్లేదని జెమీమా చెప్పింది. అతను సూదిని ఊడదీసి తెల్లటి దూది మీద గీశాడు. దూదికి ఏమీ అంటలేదు. దూది తిప్పి ఇంకోసారి గీశాడు. అప్పుడూ ఏమీ అంటలేదు. చివరికి ఒప్పుకున్నాడు, పాడైంది సూది కాదు, దాని వెనక ట్యూబని.

"సారీ అండి," అన్నాడు ట్యూబు మారుస్తూ, ఆమె కోటు మీది పేరు ఇంకోసారి చదివి. "మీ అవ్వ కూడా ఇంతే. ఆమె తోమిన గిన్నెలో మొహం సూసుకోవచ్చు."

జెమీమా చేతిలోని స్లైడు గాలిలో ఆగింది.

"మా అవ్వ మీకు యాడ తెలుసు?"

"మేరమ్మవ్వ కదా. నేను సాల్మన్ రాజు కొడుకును, సైమన్. ఆసుపత్రి వ్యాను తోలేటాయన సాల్మన్ రాజు. బంగళా వెనక మెట్ల మీద నీ పక్కనే కూర్చునేటోన్ని." అంతవరకు ‘అండి’ అన్నవాడు ఒక్క మెట్టు దిగి ‘నువ్వు’లోకి వచ్చేశాడు. వచ్చినట్టు అతనికే తెలియలేదు.

ఆమెకు గుర్తొచ్చాడు. ముక్కు చీమిడి మోచేత్తో తుడుచుకునే బక్క పిల్లవాడు. ఆ మోచేయి ఇప్పుడు మిషన్ లోపల ఎంతో జాగ్రత్తగా కదులుతోంది.

క్రైస్తవ మిషన్ ఆసుపత్రి కాంపౌండులో అప్పట్లో ఒక ముసలి డాక్టరమ్మ ఉండేది. సముద్రాలు దాటి వచ్చి ఈ ఊళ్లోనే తల నెరిసిన మనిషి. ఆమె బంగళాలో వంట మేరమ్మది. వారమంతా డాక్టరమ్మ పప్పన్నం, రసంతోనే సరిపెట్టుకునేది. శనివారం సాయంత్రం మాత్రం స్టేకు. పెద్దకూరను పలకల్లా కోయించి, ఇనుప పెనం మీద కాల్చి, ఉల్లిపాయలతో, ఈ ఊరి మాటలో ఎర్రగడ్డలతో మగ్గించి, పక్కన వేయించిన బంగాళాదుంపలు, అంటే ఉర్లగడ్డలు పేర్చి, పింగాణీ ప్లేటు మీద మూత పెట్టి లోపలికి తీసుకుపోయేది మేరమ్మ. ఎర్రగడ్డలు వెన్నలో రంగు తిరిగే వాసనకు కాంపౌండు పిల్లలంతా ఆట ఆపి బంగళా వెనక మెట్ల మీదికి చేరేవాళ్లు.

ప్లేటు లోపలికి పోయేది. పెనం బయటికి వచ్చేది. అడుగంటిన ఎర్రగడ్డల జిగురులో వేడి అన్నం వేసి, పెనం గోడలంతా తుడిచి కలిపి, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ముద్ద పెట్టేది అవ్వ. జెమీమాకు తల్లి మొహం ఫోటోలో చూసిందే. అవ్వ చేతి ముద్ద మాత్రం నాలుకకే గుర్తు.

తర్వాత డాక్టరమ్మ తన దేశం వెళ్లిపోయింది. బంగళా తలుపులు మూశారు. సాల్మన్ రాజు ఉద్యోగం వదిలి కుటుంబంతో పుంగనూరు చేరాడు. మేరమ్మ పోయి కూడా కొంతకాలమైంది. పెనం మాత్రం జెమీమా వంటింట్లో మేకుకు వేలాడుతోంది. దోసెలకు కూడా దాన్ని దించరు.

ట్యూబు మార్చాక మిషన్ మళ్లీ చెడిపోలేదు. సైమన్ మాత్రం రావడం మానలేదు. సోమల ఆసుపత్రిలో పనుంటే మదనపల్లె మీదుగా వెళ్లాడు. బి.కొత్తకోటలో పనుంటే సరేసరి. బైరెడ్డిపల్లెకు కూడా మదనపల్లె మీదుగానే వెళ్లానన్నప్పుడు జెమీమా నవ్వు ఆపుకోలేకపోయింది. పుంగనూరు నుంచి అది పూర్తిగా వెనక్కి తిరిగే దారి.

"మిషన్ బాగుండాది కదా, మల్లా యాల వచ్చినావు?"

"బాగుండాదా అని అడగడానికి."

"ఫోన్లో అడగొచ్చు."

"ఫోన్లో మిరపకాయ బజ్జీలు పంపడానికి కుదరదు," అంటూ పొట్లం టేబులు మీద పెట్టేవాడు. ల్యాబ్‌లో తినకూడదని ఆమె అనేది. ఇద్దరూ పోర్టికోలో నిలబడి, వాన చూస్తూ తినేవాళ్లు. మాటలన్నీ ఆ మెట్ల గురించే. ఎవరు పెద్ద ముద్ద కోసం రెండుసార్లు చెయ్యి చాపారు, ఎవరి ముద్దను కాకి ఎత్తుకుపోయింది, అవ్వ ఎవరిని చూసి కళ్లెర్ర జేసింది. అతను చెప్తుంటే వాన వాసనలోంచే ఎర్రగడ్డల వాసన వచ్చేది. ఇంటికి వెళ్లే దారిలో మాత్రం ఆమెకు ఒక అనుమానం ముల్లులా తగిలేది. అతను వస్తున్నది తన కోసమా, ఆ మెట్ల కోసమా?

ఈ అనుమానం తీరిగ్గా తేల్చుకునే వీలు ఆమెకు లేదు. కుప్పంలో ఉండే మేనత్త రోజా ఒక సంబంధం తెచ్చింది. పిల్లవాడి పేరు ప్రభుదాస్, సొంత మెడికల్ షాపు. తండ్రి జయరత్నంతో కలిసి జెమీమా కుప్పం వెళ్లి చూసి వచ్చింది కూడా. ఇల్లు శుభ్రం. తల్లి నెమ్మదస్తురాలు. పిల్లవాడు తలవంచుకుని, తను పెంచే గులాబీల గురించి నాలుగు మాటలు చెప్పాడు. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. అదే జెమీమాకు కష్టమైంది. ఏదో ఒక మాట చెప్పమని అత్త రోజూ ఫోన్ చేస్తోంది. ఆదివారం గుడిలో ఆరాధన అయ్యాక చెప్తామని జయరత్నం గడువు అడిగాడు. నీ ఇష్టమే అన్నాడు కూతురితో. చెల్లెలికి సగం మాట ఇచ్చేసిన సంగతి మాత్రం అనలేదు.

ఆ వారంలోనే సైమన్ ఒక మాటన్నాడు. "ఇన్నేండ్లూ పెనం గురించే మాట్లాడుకుంటాండాం. ప్లేటులో ఉండేది ఎట్లుంటుందో మనలో ఒక్కరమూ సూడలే. శనివారం వండుదామా?"

జయరత్నం ఆసుపత్రి ఫార్మసీలో పనిచేసి రిటైరైన మనిషి. సాల్మన్ రాజు కొడుకు ఇంటికొస్తాడంటే ఆయన ముఖం వెలిగింది. ఆ పెనం దించడానికి కూతురు ఒప్పుకుందంటే ఇంకా ఆశ్చర్యపోయాడు.

శనివారం సాయంత్రం సైమన్ మాంసం అంగడికి వెళ్లాడు. ముక్కలు కొట్టొద్దు, పలకలు కావాలని అంగడాయనకు నచ్చజెప్పేసరికి తాతలు దిగొచ్చారు. సరిగ్గా అప్పుడే జెమీమా ఫోన్ చేసి పలక మందం ఎంత చెప్పావని అడిగింది. వేలెడు మందం అని అతను పక్కకు తిరిగి చెప్తున్నాడు. వెనక మొద్దు మీద కత్తి చప్పుడు మొదలైంది. కూర ముక్కలు కొట్టి కొట్టి అలవాటైన చెయ్యి, చెవి విన్నది మరిచిపోయింది. సైమన్ తిరిగి చూసేసరికి మూడు పలకలకు సరిపడా తునక మాత్రమే మిగిలింది.

"ముక్క చెయ్యకుండా కూర ఎట్ల ఉడుకుతుందప్పా," అన్నాడట అంగడాయన, నిజంగానే బాధపడుతూ.

కూర ముక్కల సంచిని జెమీమా ఫ్రిజ్‌లో పెట్టేసింది. మిగిలిన పలకలను పీట మీద పరిచి చపాతీ కర్రతో కొట్టింది. అంత గట్టిగా కొట్టక్కర్లేదని, బెంగళూరులో తను చూసిన హోటల్లో లోపల కొంచెం ఎర్రగానే ఉంచుతారని సైమన్ అన్నాడు.

"వారమంతా మైక్రోస్కోపులో పచ్చి మాంసంతో వచ్చే పురుగుల్నే సూస్తాండాను. ఈ ఇంట్లో ఎర్రగా ఉండేది ఎర్రగడ్డ ఒకటే."

అతను చేతులెత్తేసి ఉర్లగడ్డల దగ్గరికి పోయాడు. వేళ్లలా కోసి, నీళ్లలో వేసి గంజి వదిలించి, పాత పంచె గుడ్డ మీద ఆరబెట్టమంది. ఆరకముందే గుప్పెడు తీసి నూనెలో వేశాడు. నూనె చిటపటా ఎగిరి ఇద్దరినీ గోడకు అంటించింది. ఆమె గరిటె లాక్కుని చేసి చూపించింది. ముందు సన్నటి సెగ మీద లోపల మెత్తబడేదాకా వేయించి తీసేయాలి. వడ్డించే ముందు నూనె బాగా కాగాక మళ్లీ వేయాలి. అప్పుడే కరకరలాడతాయి. అవ్వ చెప్పలేదు, నిలబడి చూస్తే తెలిసిందంతే అంది.

మిరియాలు, ఉప్పు, కొంచెం వెనిగరు పట్టించిన మాంసం పక్కన నానుతోంది. సైమన్ ఎర్రగడ్డలు చక్రాలుగా కోస్తున్నాడు. కళ్ల నీళ్లు కారుతున్నాయి. చెప్పడానికి ఇదే సమయమనిపించింది జెమీమాకు. కుప్పం సంగతి, మేనత్త సంగతి, రేపు గుడి అయ్యాక మాట చెప్పాల్సిన సంగతి వరసగా చెప్పింది.

కత్తి ఆగింది. మళ్లీ కదిలింది.

"మంచోడేనా?"

"మంచోడే."

"మరి యాల ఆలోచన చేస్తాండావు?"

ఆమె పెనాన్ని మేకు మీంచి దించింది. అతను ఏదైనా అంటాడని ఎదురుచూసింది. అతను మోచేత్తో కళ్లు తుడుచుకుని, ఇంకో ఎర్రగడ్డ తీసుకుని, పొట్టు ఊడదీశాడు. అంతే. అయితే మెట్ల కోసమే వచ్చాడన్నమాట, అనుకుంది. పెనం పొయ్యి మీద పెట్టి, పొగ వచ్చేదాకా కాగనిచ్చింది. నీటి చుక్క వేస్తే అది గుండ్రంగా దొర్లింది. వెన్న వేసి, పలకలు వేసి, ఒక్కసారే తిప్పింది. రెండోసారి తిప్పితే రసం పోతుంది. తర్వాత వాటిని తీసి, అదే పెనంలో ఎర్రగడ్డలు బెల్లం రంగు వచ్చేదాకా వేయించి, మాంసం వాటి కింద దాచి, గుక్కెడు నీళ్లు చల్లి మూత పెట్టింది. వాసన ఇల్లంతా కమ్ముకుంది. హాల్లో పేపరు చదువుతున్న జయరత్నం పేపరు మడిచి వంటింటి గడప దగ్గరికి వచ్చి, కాసేపు నిలబడి వెళ్లిపోయాడు.

ముగ్గురూ బల్ల ముందు కూర్చున్నారు. ఉర్లగడ్డలు అప్పుడే నూనెలోంచి తీసినవి, కరకరలాడుతున్నాయి.

ఆ ఇంటి ప్రార్థన గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. మొహం మీద అనలేనివన్నీ ప్రార్థనలో అనడం మేరమ్మ పెట్టిన అలవాటు. కోడలి చేతి ఉప్పు దగ్గర్నుంచి కొడుకు సిగరెట్ల దాకా ఆమె ఫిర్యాదులన్నీ పైవాడికే చెప్పేది, అందరూ వినేలా. కళ్లు మూసుకుని ఉన్నవాళ్లు ఎదురు చెప్పడానికి లేదు. ఆమెన్ అన్నాక దాని గురించి బల్ల దగ్గర ఎవరూ ఎత్తకూడదు. జవాబేదైనా ఉంటే, భోజనం ముగిశాక చేసే కృతజ్ఞతా ప్రార్థనలో చెప్పుకోవాలి. ముందు ప్రార్థన అతిథిది. ముగింపు ప్రార్థన ఇంట్లో చిన్నవాళ్లది. ఆ కాంపౌండులో పెరిగిన వాళ్లందరికీ ఈ సంగతి తెలుసు.

"కానియ్యప్పా సైమనూ," అన్నాడు జయరత్నం.

సైమన్ కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు ఏమీ అనలేదు. గొంతు సవరించుకున్నాడు. ఆహారం కోసం, వండిన చేతుల కోసం, వాన కోసం వందనాలు చెప్పాడు. మళ్లీ ఆగాడు.

"ప్రభువా, ఈ ఇంటికి నేను వస్తాండేది తిండి కోసం కాదని నీకు తెలుసు. ట్యూబు మార్చినాక ఆ మిషన్ ఒక్కసారి కూడా చెడిపోలే. అయినా వస్తానే ఉండాను. ఏదో ఒక సాకు లేకుంటే నాకు నోరు రాదు. అందుకే మెట్ల మాట, పెనం మాట చెప్పుకుంటా వచ్చినాను."

జెమీమా కళ్లు తెరుచుకున్నాయి. ఎదురుగా ఆమె తండ్రి కళ్లు కూడా తెరుచుకునే ఉన్నాయి. ఇద్దరూ గబుక్కున మూసుకున్నారు.

"మెట్ల మీద కూర్చున్న పిల్లను నేను మర్చిపోయినా పర్వాలే ప్రభువా. ల్యాబ్‌లో బూట్లు విడవమని చెప్పిన మనిషిని మర్చిపోలేను. కుప్పం ఆయన మంచోడని విన్నాను. ఆయన మంచోడు కాకపోయింటే నాకు ఈ పొద్దు మాట్లాడేది సులభంగా ఉండేది. ల్యాబ్‌లోని ఆ మనిషి యాడున్నా బాగుండాలని అడగాల, నాకు తెలుసు. కానీ ఈడే, నా పక్కన బాగుండాలని అడుగుతాండాను. మా నాయనకు చెప్పే వచ్చినాను. ఈ ఇంటి పెద్దాయనకు కోపం వస్తే, అది నా మీదనే రానీ. ఆమెన్."

జయరత్నం కూడా ఆమెన్ అన్నాడు, చాలా నెమ్మదిగా. ఒప్పుకుని అన్నాడో, ప్రార్థన అయిపోయినందుకు అన్నాడో తెలియలేదు.

"తినండి," అన్నాడు.

ఉర్లగడ్డలు చల్లారి మెత్తబడిపోయాయి. పట్టుకుంటే చేతిలో వంగుతున్నాయి. కొన్ని నమిలి, రుచి బాగుందన్నాడు జయరత్నం. మాంసం కొంచెం గట్టిగానే ఉంది. స్పూనుతో తెగక ముగ్గురూ చేత్తోనే తుంపుకున్నారు. కానీ మిరియాల ఘాటు, ఎర్రగడ్డల తీపి, వెన్న, అన్నీ సరిగ్గా వచ్చి కూర్చున్నాయి. నియమం నియమమే. ఎవరూ ఆ మాట ఎత్తలేదు. సైమన్ తల ఎత్తలేదు. ఒకే తుంపును అదే పనిగా నములుతున్నాడు. జెమీమాకు ముద్ద దిగడం లేదు. బిడియం వల్ల కాదు. లోపల్నుంచి తన్నుకొస్తున్న నవ్వును ఆపుకోవడంతోనే సరిపోతోంది.

జయరత్నం ఉన్నట్టుండి చెయ్యి ఆపాడు.

"మా అమ్మ నలభై ఏండ్లు వండింది దీన్ని," అన్నాడు. "మూత పెట్టేముందు అంచున గోరంత తుంచి నోట్లో వేసుకునేది, ఉప్పు సూసేదానికి. నాకూ అంతే పెట్టేది. ప్లేటులో పెట్టుకుని కూర్చుని తినింది ఆమె ఎరగదు. నేనూ ఎరగను, ఈ పొద్దే."

వాన మళ్లీ మొదలై రేకుల మీద చప్పుడు చేసింది. జయరత్నం ప్లేటులో ఎర్రగడ్డ ముక్క ఒక్కటి కూడా మిగల్చకుండా వేలితో తుడిచి తిన్నాడు. తర్వాత కూతురి వైపు చూశాడు. ముగింపు ప్రార్థన ఆమెదే.

జెమీమా చేతులు జోడించింది.

"ప్రభువా, కడుపు నిండినందుకు వందనాలు. అవ్వను ఇచ్చినందుకు వందనాలు. వేడి వేడి ఉర్లగడ్డలు ముందర పెట్టుకుని అంత పొడుగు ప్రార్థన చేయకూడదని కొందరికి జ్ఞానం దయచెయ్యి."

జయరత్నం దగ్గాడు.

"రేపు గుడి అయినాక రోజా అత్తకు ఫోన్ చేయాల్సింది నాయన. కుప్పం వాళ్లు మర్యాదస్తులు. వాళ్ల మనసు నొచ్చుకోకుండా వద్దని చెప్పే మాటలు ఆయనకు ఇవ్వు. అత్తకు సగం మాట ఇచ్చేసినాడని నాకు తెలుసు. దానికి నాయన మీద నాకు కోపం లేదని కూడా ఆయనకు తెలియజెయ్యి."

ఆమె ఆగింది.

"నా పక్కన అని అడిగిన మనిషికి," అంది, "అడిగింది ఇవ్వు. సాకులు లేకుండా మాట్లాడే ధైర్యం కూడా ఇవ్వు, ప్రతిసారీ నీ చాటున దాక్కుంటే కుదరదు. ఆమెన్."

"ఆమెన్," అన్నాడు జయరత్నం. ఈసారి ఆలోచించలేదు. గుడిలో ముందు బెంచీ మీద కూర్చుని అన్నట్టు, గట్టిగా అన్నాడు. కుర్చీ వెనక్కి జరిపి, ప్లేటు తీసుకుని, సాల్మన్ రాజు నెంబరు నా ఫోన్లో ఉండాదో లేదో అని గొణుక్కుంటూ చెయ్యి కడుక్కోవడానికి వెళ్లాడు.

సైమన్ మాత్రం అట్లాగే కూర్చుని ఉన్నాడు. చేతులు జోడించి, కళ్లు మూసుకుని, కనురెప్పల కింద తడితో. ఇన్నాళ్లూ అతను చూస్తాడేమోనని ఆమె ఎప్పుడూ చూపు తిప్పుకునేది. ఇప్పుడు తిప్పుకోవలసిన పని లేదు. గడ్డం మీద చిన్న గాటు, చెవి పక్కన అప్పుడే మొదలైన ఒక నెరసిన వెంట్రుక, నుదుటి మీద నూనె తుంపర. చూడాలనుకున్నంతసేపు చూసింది.

"అయిపోయింది," అంది. "కండ్లు తెరువు."